ఉక్క అంటే మూడు: హాస్టల్ గదిని ఉండదగ్గ గదిగా చేసుకోవడం

ఈ వ్యాసం ముఖ్యంగా ఈ ఏడాది హాస్టల్లో చేరబోయే జూనియర్ల కోసం. హాస్టల్ గది ఎలా సర్దుకోవాలి అని వీడియోలు వెతికితే రంగు రంగుల లైట్లు, గోడ పోస్టర్లు, బీన్ బ్యాగులు కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి. కానీ బందరు నుంచి మంగినపూడి వెళ్లే దారిలో, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న గదిలో ఆ పోస్టర్ రెండో వారానికే ఊడి కింద పడుతుంది. గోడకి చెమ్మ ఉంటే టేపు అంటుకోదు. కాబట్టి అలంకరణ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గదిలో హాయిగా నిద్రపట్టాలి, బట్టలు ఆరాలి, ఊపిరి ఆడాలి.

మా గదిలో ముగ్గురం. హాస్టల్ అలవాటు ప్రకారం పేర్లు పోయి ఊళ్లు మిగిలాయి. ఒకమ్మాయి గుడివాడ, ఇంకో అమ్మాయి అవనిగడ్డ, నేను ఉయ్యూరు. అవనిగడ్డకి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది. సెప్టెంబరు వచ్చేసరికి రాత్రిళ్లు ఇన్‌హేలర్ లేకుండా పడుకోలేని పరిస్థితి. డాక్టరు గారు మందులు రాసి, "గదిలో చెమ్మ, బూజు ఉన్నాయా?" అని అడిగారట. ఉన్నాయి, రెండూ ఉన్నాయి. వాళ్ల నాన్నగారు "వచ్చెయ్యమ్మా, రోజూ బస్సులో వెళ్లొద్దువుగాని" అన్నారు. రోజూ దివిసీమ నుంచి వచ్చి సాయంత్రం ల్యాబులు, ప్రాజెక్టు పని చేసుకోవడం ఎంత కష్టమో ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. అందుకని గదిని ఒక సబ్జెక్టులా తీసుకుని చదవడం మొదలుపెట్టాం. మేం నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

ఒక మాట, మూడు అర్థాలు

నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. హ్యుమిడిటీ అనే మాట స్కూల్లో నేర్చుకున్నా, ఉక్క అనే మాట ఇంట్లో నేర్చుకున్నా. రెండూ ఒకటే అనుకునేదాన్ని. కాదు. వానాకాలంలో చల్లటి రోజున గాలిలో తేమ బోలెడు ఉంటుంది, దాన్ని ఎవరూ ఉక్క అనరు. అనంతపురం ఎండలో వేడి మండిపోతుంది, దాన్ని కూడా ఉక్క అనరు. వేడి ఉండాలి, తేమ ఉండాలి, గాలి కదలకుండా ఉండాలి. మూడూ కలిస్తేనే ఉక్క.

దీని వల్ల మనకో సౌకర్యం ఉంది. మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా ఉక్క తగ్గుతుంది. కదలని గాలిని కదిలించడం అన్నిటికన్నా చవక. తేమ తగ్గించడం ఓపిక పని. వేడి తగ్గించడం ఖరీదు. మనం కూడా ఆ వరసలోనే వెళ్దాం.

ముందు లెక్క

మా గది పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. అంటే 1200 ఘనపు అడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంటే గది మొత్తానికి సుమారు ఒక కిలో. మన తీరంలో గాలి 80 శాతం తేమతో ఉండటం మామూలే. అలాంటప్పుడు గది గాలిలో అప్పటికే 800 గ్రాములు ఉన్నట్టు. ఇంకా ఖాళీ ఎంత? 200 గ్రాములు.

ఇప్పుడు మనం ఆ గదిలో ఏం పోస్తున్నామో చూద్దాం. బాగా పిండిన ఒక పెద్ద టవల్‌ని మెస్‌లో కాటా మీద తూచాం. ఆరాక మళ్లీ తూచాం. తేడా 350 గ్రాములు. అంటే తలుపులు మూసిన గదిలో ఒక్క టవల్ పూర్తిగా ఆరడానికి కూడా చోటు లేదు! ఇక ముగ్గురి టవళ్లు, ముగ్గురి బట్టలు కలిపితే రోజుకి రెండు కిలోల నీళ్లు తేలిగ్గా అవుతాయి. ఇది కాక నిద్రపోతున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకి సుమారు 40 గ్రాముల నీటిని వదులుతుంది. ముగ్గురికి 120. అన్నీ బిగించుకుని పడుకుంటే ఆ 200 గ్రాముల ఖాళీ రెండు గంటలు కూడా రాదు.

నిజానికి ఏ గదీ సీసాలా బిగుసుకుని ఉండదు. తలుపు సందుల్లోంచి కొంత పోతుంది, గోడలు, పరుపులు, పుస్తకాలు కొంత పీల్చుకుంటాయి. గోడ పీల్చుకున్నదే చెమ్మ. పరుపు పీల్చుకున్నదే ఆ ముక్క వాసన. రాత్రి రెండింటికి గుడివాడ లేచి కూర్చుని, "ఏమే, మనం పడుకున్నామా, ఆవిరి కుడుముల్లా ఉడుకుతున్నామా?" అని అడిగేది. లెక్క వేశాక తెలిసింది, ఆ అమ్మాయి పోలిక సైన్సు ప్రకారం కూడా కరెక్టే అని.

చెమట పట్టడం కాదు, ఆరడం ముఖ్యం

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి రావాలి. చుట్టూ వేడిగా ఉన్నప్పుడు అందులో ఎక్కువ భాగం చెమట ఆరడం ద్వారానే పోతుంది. ఒక గ్రాము చెమట ఆరితే సుమారు 2400 జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. కారిపోయిన చెమట దాదాపు ఏమీ తీసుకుపోదు, బట్టలు తడపడం తప్ప. గాలి నిండా అప్పటికే ఆవిరి ఉంటే చెమట ఆరదు.

ఇదే కారణంతో ఎయిర్ కూలర్ కొనే ముందు ఒకసారి ఆలోచించండి. కూలర్ కూడా నీటిని ఆరబెట్టే చల్లబరుస్తుంది. బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అది సిద్ధాంతం ప్రకారం 23 డిగ్రీల దరిదాపుల వరకు చల్లబరచగలదు. అందుకే రాయలసీమలో, హైదరాబాద్‌లో వేసవిలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన దగ్గర 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఎంత మంచి కూలరైనా 30 కిందకి దిగలేదు. పైగా గదిలోకి ఇంకో రెండు మూడు లీటర్ల ఆవిరి చేరుస్తుంది. ఆ డబ్బుతో టేబుల్ ఫ్యాన్ కొనుక్కోండి, ఇంకా మిగులుతాయి.

గాలికి రెండు దారులు

గాలి లోపలికి రావడానికి ఒక దారి ఉంటే చాలదు, పోవడానికి ఇంకోటి కావాలి. మన హాస్టళ్లలో చాలా గదులకి ఒక పక్క కిటికీ, ఎదురు పక్క కారిడార్లోకి తలుపు, ఆ తలుపు పైన వెంటిలేటర్ ఉంటాయి. ఆ వెంటిలేటర్‌కి పాత అట్టలు, న్యూస్‌పేపర్లు అడ్డం పెట్టి ఉంటే ముందు అవి తీసెయ్యండి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి అది పోవడానికి అదే సరైన చోటు.

సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలిని తేదు. రాత్రి పూట టేబుల్ ఫ్యాన్‌ని కిటికీకి ఒక అడుగు వెనక్కి పెట్టి, ముఖం బయటికి తిప్పండి. అది లోపలి గాలిని బయటికి నెడుతుంటే కారిడార్ వైపు నుంచి కొత్త గాలి వస్తుంది. మొదటి రోజు మా ఫ్లోర్‌లో అందరూ నవ్వారు, "ఫ్యాన్ బందరుకా, మీకా?" అని. వారం తర్వాత ఇంకో నాలుగు గదుల్లో ఫ్యాన్లు బయటికి తిరిగాయి.

బయటి గాలిలోనూ తేమ ఉంటుంది కదా, దాన్ని తెచ్చుకుని లాభం ఏంటి అని అడగొచ్చు. ఉంటుంది, కానీ మూసిన గదిలో ఉన్నంత ఉండదు. పైగా కదిలే గాలి ఒంటి చుట్టూ పేరుకున్న ఆవిరిని తోసేస్తుంది కాబట్టి చెమట త్వరగా ఆరుతుంది.

గాలి వేళలు కూడా తెలుసుకోవాలి. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి, అంటే మనకి తూర్పు దిక్కు నుంచి గాలి మొదలవుతుంది. రాత్రికి నేల త్వరగా చల్లబడి గాలి దిక్కు మారుతుంది, బలం కూడా తగ్గుతుంది. కాబట్టి రాత్రి ఫ్యాన్ సాయం కావాలి, మధ్యాహ్నం తూర్పు కిటికీ తెరిస్తే చాలు. ఒక్క మినహాయింపు ఉంది. మే నెలలో కొన్ని రోజులు సముద్రపు గాలి రాదు, పడమటి గాలి కొడుతుంది, అదే వడగాలి. ఆ రోజున రూల్ రివర్స్. పగలంతా కిటికీలు మూసి, చీకటి పడ్డాక తెరవాలి. ఆ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కిటికీకి తడి గుడ్డ గానీ, వట్టివేళ్ల తడిక గానీ కడితే మన దగ్గర కూడా చల్లబడుతుంది.

అమ్మాయిల హాస్టల్లో కిటికీకి ఇంకో సమస్య, పరదా. మందపాటి పరదా నిండుగా వేస్తే గాలి ఆగిపోతుంది. మేం కిటికీ కింది సగానికి మాత్రమే పల్చటి నూలు గుడ్డ కట్టాం. పక్కనే పెడన ఉంది కాబట్టి కలంకారీ అద్దకం గుడ్డ దొరికింది. చాటుకి చాటు, అందానికి అందం, పై సగంలోంచి గాలి.

ఇంకో చిన్న విషయం. ఫ్యాన్ ఐదులో పెట్టినా మెల్లగా తిరుగుతోందంటే చాలాసార్లు తప్పు ఫ్యాన్‌ది కాదు, దాని కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. అది చాలా చవక. మీరు చెయ్యి పెట్టొద్దు, హాస్టల్ ఎలక్ట్రీషియన్ అన్నని అడగండి.

దండెం గది బయట ఉండాలి

మా లెక్కలో అసలు దొంగ తడి బట్టలే. కానీ బట్టలు ఎక్కడ ఆరెయ్యాలి? టెర్రస్‌కి ఎప్పుడూ తాళం. ఆడపిల్లల బట్టలు బయట కనపడకూడదు అనేది రాయని రూలు. ముఖ్యంగా లోపలి బట్టలు టవల్ కింద దాచి, మంచం వెనకాల ఆరేస్తాం. అక్కడ గాలి ఉండదు, వెలుతురు ఉండదు. రెండు రోజులైనా సగం తడిగానే ఉంటాయి, అలాగే వేసుకుంటాం. తడి, వేడి, రాపిడి కలిస్తే తామర రావడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. సిగ్గుపడి ఎవరూ చెప్పుకోరు గానీ, మా ఫ్లోర్‌లో సగం మందికి వచ్చింది. దయచేసి మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసుకోకండి. దురద తగ్గినట్టు ఉంటుంది, తామర ముదురుతుంది. డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

మేం టవల్ లెక్క ఒక కాగితం మీద రాసుకుని వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. "మేడమ్, మా గదిలో మేం రోజుకి రెండు లీటర్ల నీళ్లు గాలిలోకి వదులుతున్నాం. ఇలాంటి గదులు ఫ్లోర్‌కి పదహారు" అన్నాం. మేడమ్ కాగితం చాలాసేపు చూశారు. "టెర్రస్ తెరిస్తే బాధ్యత నాది కదమ్మా" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని బేరం ఆడాం. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదింటి దాకా ఆరేసుకోవడానికి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా తీసుకోవడానికి తెరుస్తారు. తాళం ఆయమ్మ దగ్గర ఉంటుంది. లోపలి వరసలో ఆరేస్తే రోడ్డుకి కనపడవు. మూడు గంటల ఎండకి నూలు బట్టలు ఫెళఫెళలాడుతూ ఆరతాయి.

వాన రోజుల్లో ఎలా? కారిడార్లో దండెం కట్టుకోండి. అదీ కుదరకపోతే గదిలోనే బయటికి తిరిగిన ఫ్యాన్ దగ్గర, బట్టకీ బట్టకీ జానెడు దూరం ఉంచి ఆరెయ్యండి. జీన్స్ వానాకాలంలో ఇంటి దగ్గర వదిలెయ్యడం ఉత్తమం.

పడక, అలమర, ఉప్పు

ఫోమ్ పరుపు కింద గాలి ఆడదు. పగలు దుప్పటి కప్పేసి ఉంచితే రాత్రి చెమట లోపలే ఉండిపోతుంది. పొద్దున్న లేవగానే పరుపుని ఒక అరగంట గోడకి నిలబెట్టండి. వారానికి ఒకసారి ఎండలో వెయ్యండి. మన ఇళ్లలో నులక మంచం మీద పడుకున్న పెద్దవాళ్లకి ఈ బాధ లేదు, కింద నుంచి కూడా గాలి తగిలేది. మంచాన్ని, అలమరని గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా జరపండి. బూజు గాలి ఆడని మూలలోనే మొదలవుతుంది. వచ్చిన బూజుని పొడి చీపురుతో దులపకండి, గాలిలో లేస్తుంది. సబ్బు నీళ్ల తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టండి. ఆయాసం ఉన్నవాళ్లు ఆ పని చెయ్యకూడదు, మిగతా ఇద్దరూ చెయ్యాలి.

తేమ కొలిచే మీటరు లేదా? ఒక గిన్నెలో కొంచెం ఉప్పు పెట్టండి. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పట్టడం మొదలుపెడుతుంది. సముద్రపు గళ్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ప్యాకెట్ ఉప్పు కూడా తడిసిందంటే కిటికీ తెరవాల్సిన టైమ్ అయిందని అర్థం.

ఇదే ఉప్పు సముద్రపు గాలితో కలిసి వచ్చి ఇనప మంచం, ట్రంకు పెట్టె, తలుపు బందుల మీద సన్నటి పొరలా పడుతుంది. ఆ పొర తేమని లాక్కుంటుంది, తుప్పు పట్టిస్తుంది. వారానికోసారి మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, బందులకి ఒక చుక్క నూనె వెయ్యండి. ల్యాప్‌టాప్‌ని వాడనప్పుడు సంచిలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు గది తేమకి పనికిరావు. అవి తమ బరువులో మూడో వంతుకి మించి పెద్దగా పీల్చుకోలేవు, మన లెక్కేమో కిలోల్లో ఉంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సర్టిఫికెట్ల పక్కన పెడితే మాత్రం బాగా పనిచేస్తాయి.

దోమలు, వేడి

కిటికీ తెరిస్తే దోమలు. డెల్టాలో పుట్టాక ఈ గొడవ తప్పదు. మా గదిలో అసలు తగాదా దీని మీదే: గుడివాడ "మూసెయ్యి" అనేది, నేను "తెరువు" అనేదాన్ని. పరిష్కారం కిటికీకి, వెంటిలేటర్‌కి వల. వెల్క్రో అంచు ఉన్న వల అయితే ఊడదీసి ఉతుక్కోవచ్చు. వల గాలిని కొంత ఆపుతుంది, దుమ్ము పడితే ఇంకా ఆపుతుంది, అందుకే ఉతకడం ముఖ్యం. డెంగీ దోమ మంచినీటి బకెట్లోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి బకెట్లు ఖాళీ చేసి రుద్ది కడగండి. ఆయాసం ఉన్న గదిలో కాయిల్స్ గానీ, సాంబ్రాణి పొగ గానీ వద్దు.

వేడి విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. పై అంతస్తు అయితే పగలంతా స్లాబు ఎండని తాగి రాత్రి మన మీద వదులుతుంది. టెర్రస్‌కి తెల్ల సున్నం వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి కూల్ రూఫ్ పాలసీ అని ఏకంగా ఒక విధానమే తెచ్చింది. మా టెర్రస్‌కి కూడా వెయ్యమని అర్జీ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టి కోడ్ రన్ చెయ్యడం మానండి. దాని వేడి బయటికి పోదు, మనకే తగులుతుంది. ఇంకో హెచ్చరిక. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే సుమారు 1380 వాట్ల వరకే. 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్ దానికి పెట్టారో, కాలిన వాసనతో ఫ్లోరంతా లేస్తుంది.

తుఫాను రోజులు

మన తీరంలో ఉండదగ్గ గది అంటే తుఫానుకి సిద్ధంగా ఉన్న గది కూడా. 1864 నవంబరు 1న ఉప్పెన బందరుని ముంచింది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది పోయారు. అవనిగడ్డ ఇంట్లో ఇప్పటికీ ఆ రాత్రిని బట్టే వయసులు లెక్కపెడతారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా మన పరీక్షల సీజన్లోనే ఇవి వస్తాయి. అందుకని సర్టిఫికెట్లు, మందులు, టార్చి, పవర్ బ్యాంకు ఒకే వాటర్‌ప్రూఫ్ సంచిలో, పై అరలో పెట్టండి. కింద అరలో పుస్తకాలు పెట్టొద్దు. హెచ్చరిక రాగానే మూత ఉన్న డబ్బాల్లో మంచినీళ్లు పట్టుకోండి. అలలు చూద్దామని మంగినపూడి బీచ్‌కి మాత్రం పోకండి.

చివరగా, ముగ్గురి ఒప్పందం

ఇవన్నీ ఒక్కరు చేస్తే నిలబడవు. మేం తలుపు వెనక ఒక కాగితం అంటించాం, ఈసారి డ్రాయింగ్ పిన్నులతో. ఫ్యాన్ బయటికి తిప్పే పని గుడివాడది, పరుపులు నిలబెట్టే పని నాది, బకెట్ల పని వారానికొకరిది. అవనిగడ్డది ఉప్పు గిన్నె చూసే డ్యూటీ. మాకు అయిన ఖర్చు వల, టేబుల్ ఫ్యాన్, పరదా గుడ్డ, ముగ్గురం పంచుకున్నాం.

అవనిగడ్డకి ఆయాసం పోలేదు, అది గది సర్దితే పోయే జబ్బు కాదు. కానీ రాత్రిళ్లు ఇన్‌హేలర్ కోసం లేవడం బాగా తగ్గింది. డిసెంబరు దాకా చూద్దాం అని వాళ్ల నాన్నగారు ఒప్పుకున్నారు. బస్ పాస్ అప్లికేషన్ నింపకుండా ఆవిడ డ్రాయర్లోనే ఉంది.

మీ గదిలో మీరూ ఒక టవల్ తూచి చూడండి. కాటా మెస్‌లో ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఆ లెక్క కాగితం మీద రాసుకుని మీ వార్డెన్ గారి దగ్గరికి వెళ్లండి. "మేడమ్, ఉక్కగా ఉంది" అంటే "అందరికీ అంతేనమ్మా" అంటారు. "రెండు లీటర్లు మేడమ్" అంటే కుర్చీ చూపించి కూర్చోమంటారు.